మదర్‌బోర్డు మారాక పోయిన యాక్టివేషన్: లైసెన్సు దేనితో ముడిపడి ఉందో ముందు తేల్చుకోండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్న డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు కాలిపోతే, వేరే మోడల్ బోర్డు వేయించి పాత ఎస్‌ఎస్‌డీ డిస్కునే తిరిగి తగిలించారు. ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి గానీ, విండోస్ 11 యాక్టివేట్ కాలేదంటోంది (అంటే లైసెన్సు నిర్ధారణ కాలేదని), ఒకేసారి డబ్బు కట్టి కొన్న ఆఫీస్ 2021 ‘సబ్‌స్క్రిప్షన్ గడువు ముగిసింది’ అంటోంది, ఫొటోలు దిద్దుకునే సాఫ్ట్‌వేర్ ఏమో ఇప్పటికే రెండు కంప్యూటర్లలో వాడుతున్నారంటూ తెరుచుకోవడమే లేదు. డిస్కు ఫార్మాట్ చేసి అన్నీ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందా, లేక బోర్డు మార్చిన వ్యక్తి వేస్తానంటున్న యాక్టివేటర్ (లైసెన్సు లేకున్నా యాక్టివేట్ అయినట్లు చూపించే దొంగ ప్రోగ్రాము) వేయించుకోవచ్చా అని అడిగారు. రెండూ వద్దు. మూడు సాఫ్ట్‌వేర్లూ ఒకేరోజు మొరాయించినా మూడింటి కారణాలూ ఒకటి కావు, కాబట్టి పరిష్కారాలు కూడా వేర్వేరుగా ఉంటాయి.

ఫార్మాట్ ఎందుకు వద్దంటున్నానంటే, మీరు వెతుకుతున్నది ఆ డిస్కులో లేదు. విండోస్ 10 నుంచి ఇళ్లలోని కంప్యూటర్లు చాలావరకు డిజిటల్ లైసెన్సు పద్ధతిలోనే యాక్టివేట్ అవుతున్నాయి. యంత్రంలోని ముఖ్యమైన భాగాల వివరాలు కలిపి విండోస్ ఒక గుర్తింపు సంకేతాన్ని తయారు చేస్తుంది. ఆ సంకేతం గల యంత్రానికి ఫలానా ఎడిషన్ (హోమ్, ప్రో వంటి రకం) వాడుకునే హక్కు ఉందన్న నమోదు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంటుంది. డిస్కు తుడిచేసినంత మాత్రాన ఆ నమోదు చెరిగిపోదు, ఎన్నిసార్లు తుడిచినా కొత్తది పుట్టదు. ర్యామ్ పెంచినా, డిస్కు మార్చినా, గ్రాఫిక్స్ కార్డు వేసినా సాధారణంగా ఇబ్బంది రాదు. మదర్‌బోర్డు మారితే మాత్రం సర్వర్ లెక్కలో అది వేరే కంప్యూటరే. మీకు కనిపిస్తున్న ఎర్రర్ కోడ్ చివర ఎఫ్211 అని ఉందన్నారు. హార్డ్‌వేర్ మారినట్లు విండోస్ గుర్తించినప్పుడు చూపే కోడ్ అది. అంటే మీ విండోస్ చెడిపోలేదు, మీ కీ (లైసెన్సుకు రుజువుగా ఇచ్చే అక్షరాల సంకేతం) నకిలీదని ఎవరూ తేల్చలేదు. అదే కోడ్ చివర సీ003 అని ఉంటే కీని నిరోధించారని, సీ008 అని ఉంటే ఆ కీ ఇప్పటికే మరో యంత్రంలో వాడకంలో ఉందని అర్థం చేసుకోవలసి వచ్చేది. అప్పుడు నా సమాధానం వేరేగా ఉండేది.

తొందర పడవలసిన అవసరం కూడా లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో యాక్టివేషన్ ఇళ్లలోకి వచ్చినప్పుడు 30 రోజుల్లో ఆ పని పూర్తి చేయకపోతే లాగిన్ కూడా కానిచ్చేది కాదు. ఇప్పుడంత కాఠిన్యం లేదు: తెర మూలన ఒక నీటిముద్ర కనిపిస్తుంది, సెట్టింగ్స్‌లో వాల్‌పేపరు, రంగులు వంటివి మార్చుకోనివ్వదు, అంతే. మీ ఫైళ్లు, ప్రోగ్రాములు, బ్రౌజరు, భద్రతా అప్‌డేట్లు యథావిధిగా పనిచేస్తాయి. అందువల్ల ఈ రెండు మూడు రోజులు వివరాలు సేకరించడానికి వాడుకోండి. భయపడి చేసే పనులే, అంటే ఫార్మాట్ చేయడం, దొరికిన కీలన్నీ కొట్టి చూడడం, యాక్టివేటర్ నడపడం వంటివే, తరువాత విప్పలేని చిక్కులుగా మారతాయి.

మొదట తేల్చుకోవలసింది మీ విండోస్ లైసెన్సు ఏ రకానిదన్న సంగతి. కంప్యూటరుతోపాటే తయారీదారు ఎక్కించి ఇచ్చేది ఓఈఎం లైసెన్సు. అది ఆ యంత్రంతోనే పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది. విడిగా కొనుక్కున్నది రిటైల్ లైసెన్సు. పాత యంత్రంలో తీసేసి కొత్త యంత్రానికి మార్చుకునే హక్కు దాని నిబంధనల్లోనే ఉంటుంది, ఒకసారికి ఒక యంత్రంలో మాత్రమే వాడాలన్నది షరతు. మూడోది సంస్థలకు అమ్మే వాల్యూమ్ లైసెన్సు. ఇంటి కంప్యూటరులో అది ఉండవలసిన పని లేదు. మీది ఏదో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్ అన్న అయిదు అక్షరాలు ఇంగ్లిష్‌లో టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గుర్తు పెట్టి డీఎల్‌ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కొద్ది క్షణాల్లో ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. మొదటి వరుసలో ఎడిషన్ పేరు, రెండో వరుస చివర ఏ ఛానల్ (అమ్మిన మార్గం) లైసెన్సో, ఆ కింద కీలోని చివరి అయిదు అక్షరాలు, లైసెన్సు స్థితి కనిపిస్తాయి. ఆ పెట్టెను ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ పెట్టెలో రిటైల్ ఛానల్ అని కనిపించగానే తమది రిటైల్ లైసెన్సేనని, ఎక్కడికైనా మార్చుకోవచ్చని అనుకుంటారు. కీ చివరి అయిదు అక్షరాలు కూడా చూసిన తరువాతే ఆ మాట అనాలి. హోమ్ ఎడిషన్‌లో అవి 8హెచ్‌వీఎక్స్7, ప్రో ఎడిషన్‌లో 3వీ66టీ అయితే, అది మీరు కొన్న కీ కానే కాదు. డిజిటల్ లైసెన్సుతో నడిచే లక్షలాది యంత్రాలన్నిటిలోనూ ఉండే సామాన్య కీ అది. విండోస్ 7 ఓఈఎంతో వచ్చిన కంప్యూటరును తరువాత ఉచితంగా విండోస్ 10కి మార్చుకున్నా ఆ పెట్టెలో రిటైల్ అనే కనిపిస్తుంది. హక్కు మాత్రం మూల లైసెన్సుదే. కాబట్టి కొన్నప్పటి బిల్లు, కీ ఉన్న కార్డు లేదా ఈమెయిలు వెతకండి. ఆ కాగితమే మీ అసలు ఆధారం, తెర మీది మాట కాదు.

మీకు ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఆశ ఉన్న దారి మైక్రోసాఫ్ట్ ఖాతా. 2016లో వచ్చిన విండోస్ 10 వార్షికోత్సవ అప్‌డేట్ నుంచి, డిజిటల్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు జోడించే వీలు కల్పించారు. మదర్‌బోర్డు పోయిన సందర్భాల కోసమే ఆ ఏర్పాటు. బోర్డు కాలిపోక ముందు మీరు ఆ కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే, జోడింపు చాలావరకు దానంతటదే జరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న యూజరుగా లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరవండి. అక్కడ ట్రబుల్‌షూట్ మీట ఉంటుంది. దాన్ని నొక్కితే, యాక్టివేట్ చేయలేకపోయానని చెప్పి, కింద ‘ఈ పరికరంలో ఇటీవల హార్డ్‌వేర్ మార్చాను’ అన్న అర్థం వచ్చే లింకు చూపిస్తుంది. ఆ లింకు చిన్నగా ఉంటుంది కాబట్టి చాలామంది గమనించకుండా కిటికీ మూసేసి, ట్రబుల్‌షూటర్ పనిచేయలేదని అనుకుంటారు. దాని ద్వారా మీ ఖాతాలోకి వెళితే మీ పేర ఉన్న పరికరాల జాబితా వస్తుంది. అందులో కాలిపోయిన బోర్డుతో నడిచిన పాత పేరును ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదేనని టిక్కు పెట్టి, యాక్టివేట్ నొక్కాలి. కంప్యూటరుకు పేరు పెట్టుకోనివారికి ఆ జాబితాలో డెస్క్‌టాప్ అన్న మాట తరువాత అర్థంలేని అక్షరాలున్న పేర్లు మూడు నాలుగు కనిపించి ఏది ఏదో తెలియదు. అప్పుడు ఖాతా వెబ్‌సైటులోని పరికరాల పేజీకి వెళ్లి, ఒక్కోదాన్ని చివరిసారి ఎప్పుడు వాడారో చూసి గుర్తుపట్టండి.

ఈ దారికీ పరిమితులున్నాయి. పాత యంత్రంలో ఉన్నది హోమ్ అయితే కొత్తదాంట్లోనూ హోమే ఉండాలి. ప్రో ఎక్కించి హోమ్ లైసెన్సుతో యాక్టివేట్ చేయడం కుదరదు. ఒకే లైసెన్సును ఇలా ఎన్నిసార్లు తిరిగి యాక్టివేట్ చేయవచ్చన్నదానికి హద్దు ఉంది. ఉద్యోగ సంస్థో కళాశాలో నిర్వహిస్తున్న కంప్యూటరైతే అక్కడి వారినే అడగాలి. ఎడిషన్ విషయంలో మీరు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు ఓఈఎం కీని స్టిక్కరు మీద కాక మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) రాసి ఇస్తున్నారు. మీకు వేసిన బోర్డు ఏదైనా బ్రాండు కంప్యూటరు నుంచి తీసినదైతే దానిలో హోమ్ కీ ఉండవచ్చు. మీరెప్పుడైనా విండోస్‌ను కొత్తగా ఎక్కిస్తే, ఇన్‌స్టలేషన్ ఆ కీని చదువుకుని మిమ్మల్ని అడగకుండానే హోమ్‌ను ఎక్కించేస్తుంది. ప్రో కొన్నవారు అప్పుడు కంగారు పడనక్కరలేదు; సెట్టింగ్స్‌లో ప్రోడక్ట్ కీ మార్చే చోట తమ ప్రో కీ ఇస్తే ఫైళ్లు ఏవీ పోకుండానే ఎడిషన్ మారుతుంది.

యాక్టివేషన్ సర్వరునే చేరుకోలేకపోతున్నానని విండోస్ చెబితే, లైసెన్సును అనుమానించే ముందు తేదీ, సమయం చూడండి. కొత్తగా బిగించిన బోర్డులో గడియారం తప్పుగా ఉండడం, లేదా నాణెం ఆకారపు బ్యాటరీ బలహీనంగా ఉండి కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోవడం తరచూ జరుగుతుంది. తేదీ బాగా తప్పితే సురక్షిత కనెక్షన్ కోసం సర్వరు చూపే ధ్రువపత్రం చెల్లనిదిగా కనిపించి, కనెక్షనే ఏర్పడదు. వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వరు మీదుగా పంపే ప్రోగ్రాము) ఉంటే కాసేపు ఆపండి. గతంలో ఎవరైనా ఈ కంప్యూటరులో క్రాక్ చేసిన (లైసెన్సు తనిఖీని దొంగతనంగా తీసేసిన) ప్రోగ్రాము ఏదైనా వేసి ఉంటే, సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ల లోపలున్న హోస్ట్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలు వివరణలే, వాటితో పేచీ లేదు. హ్యాష్ లేకుండా 0.0.0.0 అనో 127.0.0.1 అనో మొదలై, పక్కన ఏదైనా కంపెనీ సర్వర్ పేరు ఉన్న వరుసలు ఉంటే, ఆ సర్వరుకు మీ కంప్యూటరు వెళ్లకుండా ఎవరో దారి మూశారన్నమాట. మీరు నిజాయితీగా కొన్న సాఫ్ట్‌వేరు కూడా ఆ పాత వరుసల వల్ల యాక్టివేట్ కాకుండా పోవచ్చు.

ఖాతాలో పాత పరికరం లేదని, మీది ఓఈఎం లైసెన్సని తేలితే మాత్రం నిజం చెప్పుకోవాలి: బోర్డుతోపాటు ఆ హక్కూ ముగిసినట్లే. దీనికి ఒక మినహాయింపు ఉంది. బోర్డు లోపం వల్ల చెడిపోయి, తయారీదారు అదే మోడలునో తానే సమానమని చెప్పే మోడలునో వేసి ఇస్తే, పాత లైసెన్సే కొనసాగుతుంది. మీరు బయట వేరే మోడల్ వేయించారు కాబట్టి దాని మీద ఆధారపడలేరు. అయినా సహాయ విభాగాన్ని ఒకసారి అడగండి. బిల్లు చూపి, బోర్డు కాలిపోయిందని ఉన్నదున్నట్లు చెప్పండి. వారు కాదంటే, అదే ఎడిషన్ రిటైల్ లైసెన్సు కొనడమే మార్గం. ఇంట్లో వాడుకకు ప్రో అవసరం అరుదు. ఇతర చోట్ల నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఈ కంప్యూటరులోకి రావాలన్నా, సంస్థ డొమైన్‌లో (సంస్థ తన కంప్యూటర్లను ఒకచోట నుంచి నిర్వహించే వ్యవస్థలో) చేర్చాలన్నా ప్రో కావాలి. లేకుంటే హోమ్ చాలు. పాత విండోస్ 7 కీతో విండోస్ 11 యాక్టివేట్ అవుతుందని ఇప్పటికీ చాలా చోట్ల రాసి ఉంటుంది. ఒకప్పుడు అది నిజమే. ఉచిత అప్‌గ్రేడ్ ప్రకటిత గడువు 2016 జులై 29న ముగిసినా ఆ దారి ఏళ్ల తరబడి తెరిచే ఉంది. 2023 సెప్టెంబరులో దాన్ని మూసేశారు. అప్పటికే అలా పొందిన డిజిటల్ లైసెన్సులు చెల్లుతాయి, కొత్త హార్డ్‌వేర్ మీద ఆ కీలు పనికిరావు.

యాక్టివేటర్ గురించి కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే ‘పనిచేస్తుంది కదా’ అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. వీటిలో ఎక్కువ భాగం వాల్యూమ్ లైసెన్సుల్లోని కేఎంఎస్ పద్ధతిని అనుకరిస్తాయి. ఆ పద్ధతిలో యంత్రం తన సంస్థలోని సర్వరును అడిగి 180 రోజులకు అనుమతి తెచ్చుకుంటుంది, గడువు తీరకముందే మళ్లీ మళ్లీ అడిగి పొడిగించుకుంటుంది. కనీసం 25 కంప్యూటర్లు అడిగితే తప్ప ఆ సర్వరు డెస్క్‌టాప్ విండోస్‌కు అనుమతి ఇవ్వదు. మీ ఇంట్లో అలాంటి సర్వరు లేదు కాబట్టి యాక్టివేటర్ ఒక దొంగ సర్వరును మీ యంత్రంలోనే నడుపుతుంది, లేదా ఎవరిదో తెలియని బయటి సర్వరు వైపు దాన్ని తిప్పుతుంది. అందుకోసం ముందు యాంటీవైరస్ ఆపమంటుంది, అడ్మినిస్ట్రేటర్ హక్కులు అడుగుతుంది. అంత అధికారం చేతికిచ్చాక అది ఇంకేం చేస్తుందో మీకు కనిపించదు. మీ బ్యాంకు లావాదేవీలు, పిల్లల ఫొటోలు ఉన్న యంత్రం అది, దయచేసి ఒప్పుకోకండి. ఇప్పటికే ఎవరైనా వేశారేమోనని అనుమానముంటే, పైన చెప్పిన పెట్టెలో కేఎంఎస్‌క్లయింట్ అన్న మాట ఉందేమో చూడండి. ఇంటి కంప్యూటరులో ఆ మాటకు చోటు లేదు. నమ్మలేనంత చవకగా అమ్మే కీల సంగతీ ఇలాంటిదే. వాటిలో చాలా కీలు ఏదో సంస్థ వాల్యూమ్ కోటా నుంచి జారిపోయినవి. ఈరోజు యాక్టివేట్ అవుతాయి, లెక్క మించాకనో సంస్థ గమనించాకనో నిరోధానికి గురవుతాయి. అమ్మినవాడు అప్పటికి దొరకడు.

ఆఫీస్ సమస్య వేరు. ఒకేసారి కొన్న ఆఫీస్ 2021కి సబ్‌స్క్రిప్షన్ అన్నదే ఉండదు, కాబట్టి గడువు ముగిసిందన్న సందేశం దానిది కాదు. కంప్యూటరు కొన్నప్పుడు దానిలో వచ్చిన మైక్రోసాఫ్ట్ 365 (చందా కట్టి వాడే ఆఫీస్) ట్రయల్‌ను తీసేయకుండా, దాని పక్కనే మీ ఆఫీస్ ఎక్కించి ఉంటారు. హార్డ్‌వేర్ మారాక మీ 2021 లైసెన్సు మళ్లీ నిర్ధారణ కావలసి వచ్చింది. ఆ సందులో ఎప్పుడో గడువు తీరిన ట్రయల్ ముందుకొచ్చింది. ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ల జాబితాలో రెండు ఆఫీస్‌లు ఉన్నాయేమో చూసి ట్రయల్‌ను తొలగించండి. తరువాత వర్డ్ తెరిచి, పైన ఏ ఈమెయిలుతో లాగిన్ అయి ఉందో గమనించండి. ఆఫీస్ కీని మొదటిసారి ఏ ఖాతాలో నమోదు చేశారో లైసెన్సు ఆ ఖాతాకే అంటుకుపోతుంది. 25 అక్షరాల కీని ఇప్పుడు మరో ఖాతాలో కొడితే ఇప్పటికే వాడేశారనే అంటుంది. ఇంట్లో ఎవరి ఈమెయిలుతో నమోదు చేశారో గుర్తు లేకపోతే, కొన్న నెలలో వచ్చిన ధ్రువీకరణ ఈమెయిలు కోసం అందరి మెయిలు పెట్టెల్లో వెతకడమే దారి. ఆఫీస్ 2021 ఒక్క యంత్రానికే గానీ, విడిగా కొన్నదైతే ఆ యంత్రం పోయాక మరోదానికి మార్చుకోవచ్చు.

ఇంట్లో అందరూ ఒకే పాస్‌వర్డుతో మైక్రోసాఫ్ట్ 365 వాడుకుందామా అన్న మీ అదనపు ప్రశ్నకు కూడా ఇక్కడే చెబుతాను. పర్సనల్ ప్లాను ఒక్క మనిషికి. ఆ మనిషి ఒకేసారి అయిదు పరికరాల్లో లాగిన్ అయి ఉండవచ్చు. ఆరో పరికరంలో తెరిస్తే ఒకదాన్నుంచి బయటికి రమ్మంటుంది. ఫ్యామిలీ ప్లానులో ఆరుగురి వరకు చేరవచ్చు, ప్రతివారికీ సొంత ఖాతా, సొంత నిల్వ ఉంటాయి. పాస్‌వర్డు పంచుకుంటే ఒకరి ఫైళ్లు అందరి ముందూ ఉంటాయి. ఆహ్వానం పంపితే ఆ ఇబ్బంది ఉండదు.

ఇక ఫొటోల సాఫ్ట్‌వేర్. రెండు కంప్యూటర్ల పరిమితిలో ఒకటి మీ ల్యాప్‌టాప్, రెండోది కాలిపోయిన బోర్డున్న డెస్క్‌టాప్; కొత్త బోర్డు దాని లెక్కలో మూడోది. సాధారణంగా పాతదాంట్లో డీయాక్టివేట్ చేసి కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. పాతది ఇక లేదు కాబట్టి, కంపెనీ వెబ్‌సైటులో మీ ఖాతా పేజీకి వెళ్లి పరికరాల జాబితాలోంచి దాన్ని తొలగించండి. ఆ వీలు లేకపోతే సహాయ విభాగానికి ఆర్డరు సంఖ్య, కొన్న తేదీ, సీరియల్ నంబరు ఇచ్చి, పాత మదర్‌బోర్డు పనిచేయడం లేదని, ఆ యాక్టివేషన్‌ను రద్దు చేసి లెక్క సరిచేయమని రాయండి. ఇలాంటి అభ్యర్థనలు వారికి కొత్త కాదు, సాధారణంగా కాదనరు. మీది శాశ్వత లైసెన్సు ఉన్న పాత వెర్షన్ అన్నారు కాబట్టి ఈ పని వాయిదా వేయకండి. శాశ్వత లైసెన్సైనా అవతల యాక్టివేషన్ సర్వరు ఉన్నంతవరకే మళ్లీ ఎక్కించుకోగలం. 2005లో వచ్చిన క్రియేటివ్ సూట్ 2 సర్వరును అడోబీ 2012 చివర్లో ఆపేసినప్పుడు, కొన్నవారి కోసం యాక్టివేషన్ అక్కరలేని ప్రతిని విడిగా ఇవ్వవలసి వచ్చింది. అన్ని కంపెనీలూ అలా ఇస్తాయన్న హామీ లేదు. ఇన్‌స్టాలర్ ఫైలును, సీరియల్ నంబరును ఈ డిస్కులో కాక బయటి డ్రైవులో కూడా దాచుకోండి.

చివరగా మీరు అడగని విషయం ఒకటి. బోర్డు మార్చినా మీ డిస్కు నేరుగా తెరుచుకుందంటే దానిలో ఎన్‌క్రిప్షన్ (తాళం లేకుండా ఎవరూ చదవలేకుండా ఫైళ్లను మార్చి ఉంచే ఏర్పాటు) ఆన్ అయి ఉండకపోవచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఉండే అవకాశం ఎక్కువ. ఎన్‌క్రిప్షన్ తాళం బోర్డులోని భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారిన రోజు విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లు తిరిగి రావు. యాక్టివేషన్ పోతే డబ్బుతో తెచ్చుకోవచ్చు గానీ, ఇది పోతే తెచ్చుకునే దారే ఉండదు. ఈ వారమే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో చూసి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ విండోస్ డిజిటల్ లైసెన్సు మీ ఖాతాకు జోడించి ఉన్నట్లు యాక్టివేషన్ పేజీలో రాసి ఉందో లేదో కూడా పనిలో పనిగా చూడండి. డెస్క్‌టాప్ విషయంలో ఆ చిన్న పెట్టెలోని ఛానల్ పేరు, కీ చివరి అయిదు అక్షరాలు, ట్రబుల్‌షూటర్ చివర చెప్పిన మాట నాకు తెలియజేయండి. పూర్తి కీని మాత్రం నాతో సహా ఎవరికీ పంపకండి.